ద్రావణంలోని ప్రోటీన్‌కు ఎక్స్-కిరణాల పరీక్ష: ఒక్క గీత చెప్పేదెంత?

కాల్మోడ్యులిన్ చిన్న ప్రోటీన్. 148 అమైనో ఆమ్లాల గొలుసు. అణుభారం 17 వేల డాల్టన్లకు కాస్త తక్కువ. మనిషి కణాల నుంచి మొక్కల కణాల దాకా, కేంద్రకం ఉన్న జీవకణాలన్నిటిలోనూ ఇది కనిపిస్తుంది. కణంలో కాల్షియం పెరిగినప్పుడు నాలుగు అయాన్లను పట్టుకుని, ఆ కబురును ఇతర ప్రోటీన్లకు అందించడం దీని పని. 1985లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ శాఖలో యార్లగడ్డ ఎస్. బాబు, ఆయన సహచరులు దీని స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించారు. వ్యాయామశాలలో ఎత్తే డంబెల్‌ను పోలిన రూపం అది: రెండు చివర్లా రెండు గుండ్లు, వాటిని కలుపుతూ పొడవాటి, నిటారైన ఆల్ఫా హెలిక్స్ (స్ప్రింగులా మెలి తిరిగిన గొలుసు). ఆ చివర నుంచి ఈ చివరకు సుమారు 6.5 నానోమీటర్లు. ఒకసారి చూస్తే మరిచిపోలేని బొమ్మ.

మూడేళ్ల తర్వాత, 1988లో, లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన హైడార్న్, ట్రూహెల్లా ఇదే ప్రోటీన్‌ను స్ఫటికంగా కాక నీటిలో కరిగిన స్థితిలో పరీక్షించారు. ద్రావణం గుండా ఎక్స్-కిరణాలు పంపి, అవి ఏ కోణంలో ఎంత చెదిరాయో కొలిచారు. స్ఫటిక నిర్మాణమే నీటిలోనూ ఉంటే ఆ చెదురు ఎలా ఉండాలో లెక్కగట్టి పక్కన పెట్టి చూశారు. రెండూ కలవలేదు. నీటిలోని అణువు స్ఫటికంలోని దానికంటే కురచగా ఉంది. రెండు గుండ్లూ సగటున ఇంకా దగ్గరగా ఉన్నాయి. అంటే నడిమి కడ్డీ నిటారుగా నిలబడి లేదు.

స్ఫటిక నిర్మాణం తప్పని దీని అర్థం కాదు. స్ఫటికంలో కోట్లాది అణువులు ఒకే తీరున పక్కపక్కన పేర్చుకోవాలి. ఆ పేర్పుకు అనువైన భంగిమ ఒక్కటే అక్కడ నిలుస్తుంది. నీటిలో ఆ కట్టడి లేదు. ప్రోటీన్ బతుకంతా నీటి మధ్యే గనుక, నీటిలో అది ఎలా ఉంటుందన్న ప్రశ్నను పక్కన పెట్టలేం. ఆ ప్రశ్నను నేరుగా అడిగే పద్ధతుల్లో అల్ప కోణ ఎక్స్-కిరణ పరిక్షేపణం ఒకటి. పరిశోధకుల వాడుకలో దీని పేరు శాక్స్. ఈ పద్ధతి చేతికిచ్చేది ఏ కోణంలో ఎంత చెదిరిందో చూపే ఒకే ఒక్క వంపు గీత. ఆ గీత నుంచి ఎంత రాబట్టవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఇందులో అసలు విషయం. దీని మీద వచ్చిన మంచి పనీ, తొందరపాటు పనీ రెండూ ఆ ఒక్క చోటే వేరవుతాయి.

చంద్రుడి గుడి, ఊరి ఇళ్లు

పలచని మబ్బు వెనక చంద్రుడిని ఆనుకుని ఒక్కోసారి రంగుల వెలుగు వలయం కడుతుంది. మబ్బులోని నీటి బిందువులు వెన్నెలను కొద్దిపాటి కోణాల్లో చెదరగొట్టడం వల్ల వచ్చే వలయం అది. (చంద్రుడికి చాలా ఎడంగా కట్టే పెద్ద గుడి వేరు; అది మంచు స్ఫటికాల్లో కాంతి వంగడం వల్ల ఏర్పడుతుంది.) బిందువులు పెద్దవైతే వలయం చంద్రుడికి దగ్గరగా ముడుచుకుంటుంది, చిన్నవైతే దూరంగా విచ్చుకుంటుంది. దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన అని పెద్దలు వాన సంగతిలో తిరగేసి చెబుతారు గానీ, పరిక్షేపణంలోనూ లెక్క ఇలా తిరగేసే ఉంటుంది: వస్తువు ఎంత పెద్దదైతే చెదిరిన కాంతి అసలు కిరణానికి అంత దగ్గరగా ఉంటుంది.

ప్రోటీన్ల విషయంలో ఎక్స్-కిరణం తరంగదైర్ఘ్యం సుమారు 0.1 నానోమీటర్లు, ప్రోటీన్ పరిమాణం దానికి కొన్ని పదుల రెట్లు. కాబట్టి చెదురు మహా సన్నని కోణాల్లో జరుగుతుంది. కాల్మోడ్యులిన్ వంటి అణువు పరిమాణాన్ని తేల్చే సమాచారమంతా మొదటి అరడిగ్రీ, కాస్త అటూ ఇటుగా ఉంటుంది. నమూనాకు మూడు మీటర్ల దూరంలో డిటెక్టర్ పెడితే, ఆ సమాచారం పడేది నడిమి చుక్క నుంచి 3 సెంటీమీటర్ల లోపే. చెదరకుండా నేరుగా దూసుకొచ్చే కిరణపుంజం ఆ నడిమి చుక్క మీదే పడుతుంది. దాన్ని చిన్న లోహపు బిళ్లతో అడ్డుకోకపోతే చుట్టూ ఉన్న మసక వెలుగు ఆనవాలు కూడా దక్కదు. కిరణపుంజాన్ని ఎంత సన్నగా, ఎంత శుభ్రంగా మలచగలిగితే కొలత అంత లోపలికి వెళ్తుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒట్టో క్రాట్కీ రూపొందించిన కెమెరా ఇన్నేళ్లూ పేరు నిలబెట్టుకున్నది ఈ పనితనం వల్లే.

ఎక్స్-కిరణాలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. అవి నీటిలోనూ ఉన్నాయి, ప్రోటీన్‌లోనూ ఉన్నాయి. ఘన నానోమీటరుకు నీటిలో 334 ఎలక్ట్రాన్లుంటే ప్రోటీన్‌లో సుమారు 430. మనకు అందే సంకేతమంతా ఈ తేడా నుంచి వచ్చిందే. బఫర్‌లో, అంటే ప్రోటీన్‌ను కరిగించిన ఉప్పునీటి ద్రావకంలో, చక్కెరో గ్లిసరాలో ఎక్కువగా కలిపితే ద్రావకంలో ఎలక్ట్రాన్ సాంద్రత పెరిగి తేడా తగ్గుతుంది, ప్రోటీన్ మసకబారుతుంది. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏల వెన్నెముకలో భాస్వరం ఉండటం వల్ల వాటి సాంద్రత దాదాపు 550 దాకా ఉంటుంది. అందుకే అవి అదే పరిమాణపు ప్రోటీన్ కంటే ప్రస్ఫుటంగా కనిపిస్తాయి.

ద్రావణంలో అణువులు అన్ని వైపులకూ తిరుగుతూ ఉంటాయి. కొలత అన్ని దిక్కుల సగటు. ఈ సగటుకు సూత్రాన్ని పీటర్ డిబై 1915లోనే ఇచ్చారు: చెదురు గీతలో మిగిలేది అణువులోని ప్రతి రెండు బిందువుల మధ్య దూరాల పట్టిక మాత్రమే. ఒక ఊళ్లో ప్రతి ఇంటి నుంచి ప్రతి ఇంటికీ ఉన్న దూరం కొలిచి, ఏ ఇల్లో ఏదో చెరిపేసి, దూరాల జాబితా మాత్రం చేతిలో పెట్టినట్టు. ఆ జాబితా చూస్తే ఊరు గుండ్రంగా ఒకచోట గుమిగూడిందో, రోడ్డు పొడవునా బారుగా సాగిందో, ఏటికి అటూ ఇటూ రెండు ముక్కలుగా ఉందో తెలుస్తుంది. ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి ఎంతో తెలుస్తుంది. రామాలయం ఊరికి తూర్పున ఉందో పడమరన ఉందో తెలియదు. అద్దంలో తిప్పి చూసిన ఊరికీ అదే జాబితా వస్తుంది కాబట్టి కుడి ఎడమలు కూడా తెలియవు.

కాల్మోడ్యులిన్ దూరాల పట్టికను గీత గీస్తే దానికి మూపు ఉంటుంది: ఒక గుండులోపలి దూరాల వల్ల ఒక శిఖరం, ఈ గుండు నుంచి ఆ గుండుకున్న దూరాల వల్ల దాని పక్కన మరో ఎత్తు. ఇక మయోసిన్ లైట్ చెయిన్ కైనేజ్ అనే ఎంజైమ్‌లో కాల్మోడ్యులిన్‌ను అంటిపెట్టుకునే చిన్న పెప్టైడ్ ముక్కను (కొద్దిపాటి అమైనో ఆమ్లాల గొలుసును) ద్రావణంలో కలిపితే ఏమవుతుంది? 1989లో ట్రూహెల్లా బృందమే ఆ ప్రయోగమూ చేసింది. మూపు పోయి ఒక్క శిఖరం మిగిలింది. అణువు పరిమాణాన్ని చెప్పే భ్రమణ వ్యాసార్థం 2.1 నానోమీటర్ల చుట్టుపక్కల నుంచి 1.6–1.7కు పడిపోయింది. రెండు గుండ్లూ దగ్గరకు వచ్చి పెప్టైడ్‌ను గుప్పిట్లో పట్టుకున్నాయన్నమాట. ఆ పట్టు పరమాణు స్థాయిలో ఎలా ఉందో మూడేళ్ల తర్వాత, 1992లో, ఎన్‌ఎంఆర్ (పరమాణు కేంద్రకాల అయస్కాంత స్పందనను కొలిచే) పద్ధతిలోనూ స్ఫటిక పద్ధతిలోనూ వేర్వేరు బృందాలు చూపించాయి. గుప్పిట నిజమేనని తేలింది. శాక్స్ చరిత్రలో ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం: పరమాణువుల జోలికి పోలేదు, పెద్ద మార్పును ముందుగా, సరిగ్గా పట్టింది.

మొదటి సరళరేఖ

భ్రమణ వ్యాసార్థం అన్న మాట వచ్చింది కనుక దాన్ని కాస్త చూడాలి. అణువు కేంద్రం నుంచి దాని ఎలక్ట్రాన్లు సగటున ఎంత ఎడంగా ఉన్నాయో చెప్పే కొలత అది. సగటు అంటే దూరాల వర్గాల సగటుకు వర్గమూలం. నిండు గోళానికైతే అది గోళ వ్యాసార్థంలో 77 శాతం. అణువు సాగినా, విచ్చుకున్నా పెరుగుతుంది; ముడుచుకుంటే తగ్గుతుంది. దీన్ని గీత నుంచి నేరుగా తీసే మార్గం ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే గినియే 1930ల చివర్లో చూపించారు. ఆయన అప్పుడు ప్రోటీన్ల మీద పనిచేయలేదు. అల్యూమినియం–రాగి మిశ్రమ లోహంలో రాగి పరమాణువులు గుమిగూడే తీరును వెతుకుతున్నారు. అత్యల్ప కోణాల దగ్గర తీవ్రత లాగరిథమ్‌ను కోణపు వర్గంతో పోల్చి గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు నుంచి భ్రమణ వ్యాసార్థం, రేఖను సున్నా కోణానికి పొడిగిస్తే అణుభారం.

ఈ చరిత్రలో కలకత్తాకు ఉన్న చోటు మన దగ్గర తక్కువగా ప్రస్తావనకు వస్తుంది. 1923లోనే సి. వి. రామన్, కె. ఆర్. రామనాథన్ ద్రవాల్లో ఎక్స్-కిరణాల వివర్తనం మీద రాశారు. అసలు కిరణానికి అతి దగ్గరగా ఒక చెదురు వెలుగు కనిపిస్తుందని 1930 ప్రాంతంలో గమనించిన తొలి వారిలో, అమెరికాలోని వారెన్‌తో పాటు, భారతీయుడైన పి. కృష్ణమూర్తి ఒకరు. గినియే సూత్రానికి పునాది ఆ గమనింపే.

గినియే రేఖ సరళంగా రావడం అంటే ప్రయోగం మొదటి పరీక్షలో నెగ్గడం. ఎడమ కొసన రేఖ పైకి లేస్తే అణువులు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడుతున్నాయని అర్థం. కిందికి వంగితే ఆవేశం వల్ల అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. అనుభవమున్నవాళ్లు ఎవరి గీతనైనా ముందుగా చూసేది ఈ కొసనే. మిగతా బొమ్మలు ఎంత రంగులమయంగా ఉన్నా, ఇక్కడ రేఖ వంకరైతే అక్కడితో పుస్తకం మూసేయవచ్చు.

గుంపుల సమస్య ఎంత పెద్దదో చిన్న లెక్కతో తేలుతుంది. ఒక అణువు చెదరగొట్టే తీవ్రత సున్నా కోణం దగ్గర దాని భారపు వర్గంతో పెరుగుతుంది. రెండు అణువులు జతకడితే ఆ జత తీవ్రత నాలుగు రెట్లు. ఇప్పుడు ద్రావణంలోని ప్రోటీన్‌లో బరువు లెక్కన నూటికి ఒక వంతు మాత్రమే నూరేసి అణువుల గుంపులుగా మారిందనుకుందాం. మిగతా 99 వంతులు శుభ్రంగా విడివిడిగానే ఉన్నాయి. సున్నా కోణం దగ్గర ఆ ఒక్క వంతు ఇచ్చే వెలుగు, 99 వంతులు ఇచ్చే వెలుగుకు సమానమవుతుంది. మొత్తం దాదాపు రెట్టింపవుతుంది. ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి చూపే జెల్ మీద కంటికి ఆనని మలినం ఇక్కడ ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

నమూనా దగ్గరే సగం పని

శాక్స్ సులువైన పద్ధతి అన్న పేరు ఎలా వచ్చిందో ఊహించవచ్చు. స్ఫటికం పెంచక్కర్లేదు, ఘనీభవింపజేయక్కర్లేదు, అణువుకు రంగు పూయక్కర్లేదు. మిల్లీలీటరుకు ఒకటి నుంచి పది మిల్లీగ్రాముల ద్రావణం, ఒక్కో కొలతకు కొన్ని పదుల మైక్రోలీటర్లు చాలు. మహా తీవ్రమైన ఎక్స్-కిరణాలు పుట్టించే భారీ వలయ యంత్రం, సింక్రోట్రాన్ దగ్గరైతే కొలత సెకన్లలో అయిపోతుంది. జర్మనీలో హాంబర్గ్, ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్, ఇంగ్లండ్‌లో డైమండ్, కాలిఫోర్నియాలో బర్క్‌లీ వంటి చోట్ల జీవాణువుల శాక్స్ కోసమే బీమ్‌లైన్లు (ఆ వలయం నుంచి కిరణాన్ని తెచ్చుకునే కొలత కేంద్రాలు) నడుస్తున్నాయి. మన దేశంలో ఇందోర్‌లోని ఇండస్-2 వలయం మీద అల్ప కోణ కొలతలకు ఏర్పాటు ఉంది. చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ సంస్థలో ప్రయోగశాల స్థాయి యంత్రంతోనే ప్రోటీన్ల మీద ఈ పని చాలా కాలంగా సాగుతోంది.

కొలత సులువే గానీ, కొలవదగ్గ నమూనా తయారు చేయడం సులువు కాదు. ప్రోటీన్ ద్రావణపు చెదురు నుంచి ఒట్టి బఫర్ చెదురును తీసేస్తే మిగిలేది ప్రోటీన్‌ది. అధిక కోణాల దగ్గర ఈ రెండు పెద్ద సంఖ్యల మధ్య తేడా చాలా చిన్నది. బఫర్‌లో ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా తీసివేత చెడిపోతుంది. చెడిపోయిన తీసివేత గీత తోకను పైకో కిందికో లాగుతుంది. ఆ తోక నుంచే అణువు మడతపడి ఉందా విచ్చుకుని ఉందా అన్న నిర్ణయం వస్తుంది కాబట్టి, ఉప్పులో తప్పు జీవశాస్త్రంలో తప్పుగా మారుతుంది. అదే రెసిపీతో మరోసారి కలిపిన బఫర్ పనికిరాదు. ప్రోటీన్‌ను సన్నని పొర సంచిలో పోసి బఫర్‌లో నానబెట్టే డయాలిసిస్‌లో, సంచి బయట మిగిలిన బఫర్‌నే వాడాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటించకపోవడం వల్ల వృథా అయిన కొలతలు మరే కారణం వల్లా అయి ఉండవు.

కిరణమే నమూనాను పాడుచేస్తుంది కూడా. శక్తివంతమైన పుంజం నీటి అణువులను చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి ప్రోటీన్లను దెబ్బతీసి ఒకదానికొకటి అతికిస్తాయి. కొలుస్తుండగానే గుంపులు కడతాయి. అందుకే ద్రావణాన్ని సన్నని గొట్టంలో నిలవనీయకుండా పారిస్తూ, వరసగా చిన్న చిన్న కొలతలు తీసి, మొదటిదీ చివరిదీ ఒకేలా ఉన్నాయా అని చూస్తారు. కాస్త గ్లిసరాలో ఆస్కార్బిక్ ఆమ్లమో కలిపి రాడికల్స్‌ను అడ్డుకుంటారు.

గత పదిహేను, ఇరవై ఏళ్లలో వచ్చిన మేలైన మార్పు ఏమిటంటే, అణువులను పరిమాణం ప్రకారం వేరుచేసే క్రొమటోగ్రఫీ కాలమ్‌ను నేరుగా ఎక్స్-కిరణాల ముందుకు కలపడం. గుంపులు ముందే దిగిపోతాయి, అసలు అణువు వేరుగా వస్తుంది, దానికి ముందూ వెనకా కాలమ్ నుంచి జారే బఫర్ సరిగ్గా జతైన బఫరే. ద్రావణం కాలమ్‌లో పలచబడుతుంది కనుక ఎక్కువ ప్రోటీన్ కావాలి. ఆ ఖర్చు పెట్టదగ్గదే.

సరిగ్గా చేస్తే ఈ కొలత ఎంత నమ్మదగ్గదో 2022లో వెలువడ్డ ఒక పెద్ద ఉమ్మడి ప్రయత్నం చూపించింది. లైసోజైమ్, రైబోన్యూక్లియేజ్‌లతో సహా ఐదు ప్రోటీన్లను 12 ఎక్స్-కిరణ యంత్రాల మీద, 4 న్యూట్రాన్ యంత్రాల మీద కొలిచి సరిపోల్చారు. ఎక్స్-కిరణ కొలతలే 171. వేర్వేరు దేశాల, వేర్వేరు యంత్రాల గీతలు చక్కగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అంటే, గీత నమ్మదగ్గదే. దాని నుంచి చేసే ఊహల మాటే వేరు.

ఆరు సంఖ్యలు, మూడు వేల ప్రశ్నలు

గీత మీద వందల బిందువులుంటాయి. కానీ అవన్నీ స్వతంత్రమైన సమాచారం కాదు. పక్కపక్క బిందువులు ఒకదాన్నొకటి అనుసరిస్తాయి. నిజంగా స్వతంత్రమైన సంఖ్యలెన్ని అన్నదానికి సమాచార సిద్ధాంతంలో తేలికైన లెక్క ఉంది: కొలత వెళ్లిన కోణ పరిధిని (దీన్ని తరంగదైర్ఘ్యంతో ముడిపెట్టి, నానోమీటరుకు ఇంత అని లెక్కిస్తారు) అణువు గరిష్ఠ పొడవుతో గుణించి π (సుమారు 3.14)తో భాగించాలి. కాల్మోడ్యులిన్ పొడవు 6.5 నానోమీటర్లు, సాధారణంగా కొలిచే పరిధి నానోమీటరుకు 3. భాగిస్తే వచ్చేది ఆరు.

ఆరు సంఖ్యలు. ఆ అణువులో హైడ్రోజన్లను వదిలేసినా వెయ్యికి పైగా పరమాణువులున్నాయి, ఒక్కోదానికి మూడేసి నిరూపకాలు. మూడు వేల తెలియని రాశులకు ఆరు సమీకరణాలు. పెద్ద అణువులైతే ఈ ఆరు పదో పదిహేనో అవుతుంది, శబ్దం తక్కువున్న గీత ఇంకాస్త ఇస్తుంది. అంతకు మించి సాగదు. ఈ లెక్కను ఎప్పుడూ కళ్ల ముందు ఉంచుకోవాలి. శాక్స్ మీద వచ్చే అతిశయోక్తులన్నీ దీన్ని మరచిపోవడం నుంచే పుడతాయి.

అతిశయోక్తులకు ఎక్కువగా ఆస్కారమిచ్చింది త్రిమితీయ రూపాల పునర్నిర్మాణం. హాంబర్గ్‌లోని యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ల్యాబొరేటరీలో దిమిత్రీ స్వెర్గూన్ బృందం 1990ల నుంచి రూపొందించిన ప్రోగ్రాములు ఈ రంగాన్నే మార్చేశాయి. వాటిలో ఒక తరహా ప్రోగ్రాము, చిన్న చిన్న పూసలతో నిండిన సంచి నుంచి మొదలుపెట్టి, పూసలను తీస్తూ పెడుతూ, లెక్కగట్టిన గీత కొలిచిన గీతతో కలిసేదాకా రూపాన్ని మలుస్తుంది. చివరికి ఓ ముద్ద రూపం వస్తుంది. ఆ ముద్దలో స్ఫటిక నిర్మాణాన్ని ఇమిడ్చి ప్రచురిస్తే చూడ్డానికి బాగుంటుంది. అయితే అదే గీతకు సరిపోయే ముద్దలు అనేకం ఉండవచ్చు. ప్రోగ్రామును పదీ ఇరవై సార్లు నడిపి సగటు తీయడం మంచి అలవాటే గానీ, సగటులో స్థిరంగా కనిపించేదంతా అణువులో ఉన్నదని చెప్పలేం. ప్రోగ్రాము కూర్చుకున్న నిబంధనలు కూడా సగటులో స్థిరంగానే ఉంటాయి. వంగే, ఊగే అణువుకు ఇలాంటి ముద్ద గీయడమైతే తప్పే: లేని ఒక్క రూపాన్ని ఉన్నట్టు చూపించడం అవుతుంది.

అదే బృందం నుంచి 1995లో వచ్చిన మరో ప్రోగ్రాము చేసే పని ఇంతకంటే నిరాడంబరం, ఇంతకంటే విలువైనది. పరమాణు నమూనా ఇస్తే దాని చెదురు గీత ఎలా ఉండాలో లెక్కగట్టి చెబుతుంది. కొలిచిన గీతతో సరిపోల్చుకోవచ్చు. ఇక్కడ ఓ చక్కని చిక్కు దాగుంది. ప్రోటీన్‌ను అంటిపెట్టుకున్న నీటి పొర మామూలు నీటి కంటే దట్టంగా ఉంటుంది, సుమారు 10 శాతం. ఎక్స్-కిరణాలకు ఆ పొర అణువులో భాగంలాగే కనిపించి అణువు కాస్త ఉబ్బినట్టు అనిపిస్తుంది. న్యూట్రాన్లతో, అందులోనూ భారజలంలో కొలిస్తే ఆ పొర మరోలా కనిపిస్తుంది. 1998లో స్వెర్గూన్ బృందం రెండు రకాల కొలతలనూ పక్కపక్కన పెట్టి ఈ పొర నిజమేనని నిర్ధారించింది. పరమాణు నమూనాను పరీక్షించే చాలా ప్రోగ్రాముల్లో ఆ పొర ఇప్పుడు ఉంటుంది.

పరీక్షించడం అన్న మాట ఇక్కడ కీలకం. ఆరు సంఖ్యలతో మూడు వేల నిరూపకాలను కనుక్కోలేం. కానీ ఎవరైనా ముందుకు తెచ్చిన నమూనాను కాదనడానికి ఆరు సంఖ్యలు ధారాళంగా సరిపోతాయి. కాల్మోడ్యులిన్ విషయంలో జరిగింది అదే. నిటారు కడ్డీ నమూనాను గీత కాదంది. మరి ఏమిటి నిజం? కడ్డీ ఒకే చోట ఒకే తీరున వంగి ఉందా, లేక ప్రతి అణువూ వేర్వేరు కోణాల్లో ఊగుతూ ఉండగా మనకు సగటు కనిపిస్తోందా? రెండు జవాబులకూ ఒకే గీత వస్తుంది. దీన్ని తేల్చింది 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఏడ్ బాక్స్ బృందం చేసిన ఎన్‌ఎంఆర్ కొలత: నడిమి హెలిక్స్‌లో 78 నుంచి 81 దాకా ఉన్న అమైనో ఆమ్లాల దగ్గర గొలుసు కట్టుదప్పి, కీలులా స్వేచ్ఛగా కదులుతోంది. అప్పుడే పెప్టైడ్ వచ్చినప్పుడు గుప్పిట ఎలా మూసుకుంటుందో కూడా అర్థమైంది.

మడతపడని గొలుసులు

స్ఫటికాలకు చేతకాని పనిలో ఈ పద్ధతి మరింత రాణిస్తుంది. స్థిరమైన మడత లేకుండానే పనిచేసే ప్రోటీన్లు మన కణాల్లో చాలా ఉన్నాయి. మెదడు కణాల్లోని టౌ వాటిలో ఒకటి. ఇవి స్ఫటికంగా పేర్చుకోవు. అణువులను గడ్డకట్టించి చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో సగటు తీస్తే చెరిగిపోతాయి. శాక్స్‌లో మాత్రం ఒక్క సంఖ్యతోనే బయటపడతాయి. నూరు అమైనో ఆమ్లాల గొలుసు బాగా మడతపడితే భ్రమణ వ్యాసార్థం 1.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అదే గొలుసు యూరియాలో పూర్తిగా విప్పుకుంటే దాదాపు 3. పొరపడటానికి వీల్లేని తేడా. క్రాట్కీ పేరు మీద ఉన్న మరో రకం గీతలో మడతపడిన ప్రోటీన్ గంటలా పైకి లేచి కిందికి దిగుతుంది, విప్పుకున్నది పైకి వెళ్లి అక్కడే నిలిచిపోతుంది.

ఇక్కడే ఒక గట్టి వివాదం ఏళ్ల తరబడి నడిచింది. యూరియా తీసేసి మామూలు నీటిలోకి తెచ్చినప్పుడు, మడతపడక ముందే విప్పుకున్న గొలుసు ముడుచుకుంటుందా? అణువు రెండు చివర్లకు రంగు అణువులు అతికించి వాటి మధ్య శక్తి బదిలీని కొలిచే ఫ్రెట్ పద్ధతి ముడుచుకుంటుందంది. శాక్స్ చేసినవారు పెద్దగా ముడుచుకోదన్నారు. అతికించిన రంగు అణువులే ఒకదాన్నొకటి ఆకర్షిస్తున్నాయని ఒకరు, రెండు చివర్ల దూరాన్నీ మొత్తం అణువు పరిమాణాన్నీ ఒకే సూత్రంతో ముడిపెట్టడమే పొరపాటని మరొకరు వాదించారు. రెండో వాదంలో బలముంది. రెండు పద్ధతులు కొలిచేవి రెండు వేర్వేరు రాశులు. గొలుసు ఆకారం మారినప్పుడు ఒకటి మారి, రెండోది కదలకుండా ఉండవచ్చు. ఇప్పుడు చాలామంది రెండు కొలతలనూ ఒకే నమూనాల సమూహానికి కలిపి సరిపెడుతున్నారు, అదే సరైన దారి.

సమూహం అన్నది ఊగే అణువులకు తగిన భాష. ఒక్క నమూనా కాక, కంప్యూటర్‌లో వేల భంగిమలు తయారుచేసి, ఏ కొన్నిటి సగటు గీతకు సరిపోతుందో వెతుకుతారు. ఎంపికైన భంగిమలు ఒక్కొక్కటిగా నిజమని కాదు; వాటి పరిమాణాల పంపిణీ ఎంత వెడల్పుగా ఉందన్నదే ఫలితం. ఈ తేడాను స్పష్టంగా రాసే వ్యాసాలను నమ్మవచ్చు.

కాలంతో మారే సంగతులు ఇంకో ధారాళమైన క్షేత్రం. మెగ్నీషియం కలిపిన మరుక్షణం పెద్ద ఆర్‌ఎన్‌ఏ అణువులు ముడుచుకోవడాన్ని 2000 ప్రాంతంలోనే మిల్లీసెకన్ల వ్యవధిలో గమనించారు. న్యూట్రాన్లతో మరో వెసులుబాటుంది: నీటిలో భారజలం పాలు సుమారు 42 శాతానికి తెస్తే ప్రోటీన్ కనిపించకుండా పోయి ఆర్‌ఎన్‌ఏ మాత్రం మిగులుతుంది. కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌లో ఏ ప్రోటీన్ ఎక్కడుందో 1970ల నుంచి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో న్యూట్రాన్లతోనే గుర్తించుకుంటూ వచ్చారు. 2009 నోబెల్ గ్రహీత వెంకీ రామకృష్ణన్ రైబోజోమ్ మీద పని మొదలుపెట్టింది ఆ బృందంలోనే.

ఆల్ఫాఫోల్డ్ తర్వాత

2021లో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాము రెండో రూపం వివరాలు, కోడ్ వెలువడ్డాక, అమైనో ఆమ్లాల వరస ఇస్తే నిర్మాణం ఊహించి చెప్పే పని ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. విడి మడతలను అది అద్భుతంగా ఊహిస్తుంది. రెండు మడతల మధ్య పొడవాటి మెత్తని గొలుసు ఉన్నప్పుడు, ఒకదానికొకటి ఎంత దూరాన, ఏ వైపుకు ఉన్నాయన్నది మాత్రం దానికి చాలాసార్లు తెలియదు. తెలియదని అదే తన విశ్వాస పటంలో చూపిస్తుంది కూడా. బొమ్మలో మాత్రం ఏదో ఒక భంగిమ గీసే ఉంటుంది. ఆ బొమ్మనే నిజమని తీసుకుంటే 1985 నాటి నిటారు కడ్డీ కథ మళ్లీ మొదలవుతుంది.

శాక్స్‌కు ఇంతకంటే అనువైన సమయం ఇదివరకు లేదు. తనకు చేతకాని పని, అంటే పరమాణు వివరం, వేరే చోటి నుంచి వస్తోంది. తనకు చేతనైన పని, అంటే మొత్తం పరిమాణం, మడతల మధ్య దూరం, జతకట్టిందా లేదా, ఊగుతోందా లేదా అన్నవి, ఊహాచిత్రాలు ఖచ్చితంగా చెప్పలేనివే. ఊహించిన నమూనా నుంచి గీత లెక్కగట్టడం ఇప్పుడు నిమిషం పని. కలవకపోతే ఎక్కడ కలవలేదో చూడాలి: మొదటి కొసన తేడా ఉంటే పరిమాణమో జతకట్టడమో, నడుమ తేడా ఉంటే మడతల అమరిక, తోకలో తేడా ఉంటే ముందు బఫర్‌ను అనుమానించాలి.

కొలిచిన గీతలను అందరికీ అందుబాటులో ఉంచే భాండాగారం హాంబర్గ్ నుంచే నడుస్తోంది. ఏమేమి ప్రకటించాలో 2017లో ట్రూహెల్లా తదితరులు మార్గదర్శకాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం నమూనా గురించే: గాఢత ఎలా కొలిచారు, బఫర్‌లో ఏమున్నాయి, గినియే రేఖ ఏ పరిధిలో తీశారు, అణుభారం ఊహించిన దానితో కలిసిందా. బొమ్మల కంటే ముందు ఆ పట్టికను చదివే పాఠకుడికి వ్యాసంలోని గీత నిలుస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.